ఇరుకైంది గేటు కాదు

పాస్టరు ఉద్యోగానికి కొత్తగా వస్తున్నవాళ్ళకు కాలేజీలో చాలా నేర్పుతారు. హెబ్రీ నేర్పుతారు, గ్రీకు నేర్పుతారు, ప్రసంగాన్ని మూడు ముక్కలుగా ఎలా కోయాలో నేర్పుతారు. ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి, చేతులు కలుపుతూ వినవలసిన అబద్ధాల గురించి మాత్రం ఎవరూ చెప్పరు. ఆ లోటు తీర్చడానికే ఇది రాస్తున్నాను. నేను ఏయే ఊళ్ళలో పనిచేశానో, ఏ మహాసభలో నాకు శాలువా కప్పారో రాయను. ఆ శాలువాలన్నిటినీ మా ఆవిడ బీరువా పై అరలో కలరా ఉండలు వేసి పెట్టింది. అక్కడే ఉండనివ్వండి.

గుమ్మం దగ్గర మాటలు

వర్షాకాలంలో ఒక ఆదివారం నేను ప్రసంగం మొదలుపెట్టగానే కరెంటు పోయింది. మైకు లేదు. పైన రేకుల మీద వాన. నా మాట నాకే వినపడలేదు. ముందు వరసలో వాళ్ళు నా పెదాలు చూసి, ఎక్కడ ఆగితే అక్కడ ఆమెన్ అంటున్నారు. ఆరాధన అయ్యాక ఒకరి తర్వాత ఒకరు వచ్చి, "ఇవాళ వాక్యం గుండెల్లోకి దిగిపోయిందండి అయ్యగారూ" అన్నారు. వినపడకుండానే అంత లోతుకి దిగితే, వినపడి ఉంటే ఏమైపోయేవారో.

నాకు నిజం చెప్పే మనిషి మా ఆవిడ సుజాత ఒక్కతే. చేప మింగిన యోనా ప్రవక్త గురించి చెప్పిన రోజున అన్నం వడ్డిస్తూ, "ఆ చేపే నయమండి. మూడో రోజుకైనా యోనాని వదిలేసింది. మీరు ఇవాళ మమ్మల్ని వదల్లేదు" అంది. పెళ్ళి చేసుకోబోయే పాస్టర్లకు నా సలహా ఒకటే. పాటలు బాగా పాడే అమ్మాయి కోసం వెతకండి, తప్పులేదు. కానీ ఇలాంటి నోరున్న అమ్మాయి దొరికితే సంఘానికి ఎక్కువ మేలు.

పొరుగువాణ్ణి పొగిడేవాడు అతని కాళ్ళ ముందు వల పరుస్తున్నాడని పాత నిబంధన కాలపు జ్ఞానులు హెచ్చరించారు. స్నేహితుడు గాయపరిచినా నమ్మవచ్చు గాని, పగవాడి ముద్దులను నమ్మకూడదని కూడా వాళ్ళే అన్నారు. ఈ మాటల మీద నేను చాలాసార్లు ప్రసంగించాను. జనం తలలూపారు, నేనూ సంతోషించాను. మన వైపు వల అంటే చేపలకు వేసేదే. మనుషులకు వేసే వల ఎలా ఉంటుందో నేను చూసింది పాలకొల్లుకీ నరసాపురానికీ మధ్య, కాలవ గట్టు మీద ఉన్న ఒక ఊళ్ళో.

ప్రభువు చెప్పిన ద్వారం, మా కమిటీ వెడల్పు చేసిన ద్వారం

ఆ ఊరి సంఘానికి పెద్ద దేవదానం మాస్టారు. హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఊళ్ళో సగం మందికి చదువు చెప్పినవారు, మిగతా సగాన్ని బెత్తంతో కొట్టినవారు. మంచి మనిషి. పేద పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టి లెక్కలు చెప్పేవారు. ఒకటే బలహీనత. బెల్లం చుట్టూ చీమల్లా పొగిడేవాళ్ళు చుట్టూ లేకపోతే ఆయనకు పొద్దు గడిచేది కాదు.

ఆ చీమల్లో పెద్ద చీమ మా సంఘం సెక్రటరీ రత్నంబాబు. మాస్టారి దగ్గర చదువుకున్నవాడే. చెడ్డవాడని చెప్పలేను. ఎవరి దగ్గరా ఏమీ దొంగిలించలేదు, ఎవరినీ గట్టిగా ఒక మాటనలేదు. అసలు గట్టి మాట అనేదే అతని నోట్లో లేదు. "సార్ చెప్పాక ఇంకేముందండి" అనేది అతని జీవితానికి ఆధారవాక్యం.

మాస్టారికి నీటికాసులు వచ్చాయి. ఇంగ్లీషులో గ్లకోమా అంటారు. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కన ఉన్నది కనపడదు. పక్కచూపు కొంచెం కొంచెంగా చచ్చిపోతూ ఉంటుంది, నొప్పి తెలియదు. రాజమండ్రిలో కళ్ళ డాక్టరు చుక్కల మందు రాసి, కారు నడపడం మానేయమన్నాడట. మాస్టారు ఆ సంగతి రత్నంబాబుతో అన్నారు.

"ఆ డాక్టర్లకి ఆపరేషన్లు కావాలి కదండీ సార్. మీ చూపుకేమండీ, గద్ద చూపు. ఈ వయసులో మీలా చర్చిలో బైబిలు పాఠం చదివేవాళ్ళు ఈ జిల్లాలో ఉన్నారా?" అన్నాడు రత్నంబాబు.

గద్దకు అంతకన్నా ఏం కావాలి. చుక్కల మందు ఎండిపోయింది. రాజమండ్రి ప్రయాణాలు ఆగిపోయాయి.

ఒక ఆదివారం మాస్టారు కారును చర్చి ఆవరణలోకి తిప్పుతుంటే కుడివైపు గేటు స్తంభం గీరుకుంది. రెండో వారమూ గీరుకుంది. మూడోసారి స్తంభమే పక్కకు ఒరిగింది. కమిటీ కూర్చుంది. తమ్ముళ్ళారా, ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. మాస్టారి కళ్ళ గురించి ఒక్కరూ నోరెత్తలేదు. రత్నంబాబు లేచి, "గేటు బాగా ఇరుకండి. ఎప్పుడో పూర్వం ఎడ్లబళ్ళ కోసం కట్టింది. సార్ లాంటివారి బండికి సరిపోదండి" అన్నాడు. అందరూ అవునన్నారు. గేటు పగలగొట్టి వెడల్పు చేశారు. ఇరుకు ద్వారంలోంచి రమ్మని ప్రభువు చెప్పాడు. ఇరుకైతే మా పెద్దాయన కారుకు ఇబ్బందని మా కమిటీ తీర్మానించింది. కొత్త గేటుకు ప్రార్థన చేసింది నేనే. రిబ్బను కత్తిరించింది మాస్టారే. కత్తెర ఉన్న పళ్ళెం కుడివైపు పట్టుకున్నారు, ఆయన ఎడమవైపు చెయ్యి చాపారు. అది కూడా చూసి చప్పట్లు కొట్టారు.

గ్రేసమ్మ గారు

మాస్టారి భార్య గ్రేసమ్మ గారు నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. ఒక రోజు సాయంత్రం మా ఇంటికి వచ్చి, మంచినీళ్ళు కూడా తాగకుండా అసలు సంగతికొచ్చారు.

"అయ్యగారూ, మీరు చెప్పాలండి. నేను చెప్తే నస అంటారు. మంచం పక్కన స్టూలు తన్నుకుంటున్నారు. మొన్న కారులో వెళ్తుంటే ఎవరో ఆవిడ పక్క సందులోంచి వస్తే వెంట్రుకవాసిలో తప్పింది."

"రత్నంబాబుతో చెప్పించకపోయారాండి?"

"రత్నంబాబా? ఆయన గోడకి గుద్దుకుంటే గోడే పక్కకి జరగాలంటాడండి ఆ అబ్బాయి."

నేను వెళ్ళాను. వెళ్ళి మెత్తగానే చెప్పాను. డ్రైవరుని పెట్టుకోమన్నాను, డాక్టరు దగ్గరకు తోడొస్తానన్నాను. మాస్టారి ముఖం చిన్నబోయింది.

"మీక్కూడా నేను పనికిరానివాణ్ణైపోయానా అయ్యగారూ?" అన్నారు.

ఆ మాటకు నాకు జాలేసింది. ఆయన్ని పట్టుకున్నది గర్వం కన్నా భయమేనని అప్పుడు తెలిసింది. బడి పోయింది, బెత్తం పోయింది, స్టీరింగు ఒక్కటే మిగిలింది. కానీ ఆ పక్కనే రత్నంబాబు కూర్చుని ఉన్నాడు. "అయ్యగారికి కారు లేదు కదండీ సార్, అందుకని కొంచెం భయం" అన్నాడు నవ్వుతూ. మాస్టారి ముఖం మళ్ళీ వెలిగింది. నేను ఇంటికొచ్చేశాను.

ఆ వచ్చే ఆదివారం పొగడ్త మీదే ప్రసంగం చేశాను. ఎవరి పేరూ ఎత్తలేదు గాని, చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేలా చెప్పాను. కీడు తెలిసి కూడా తీయగా మాట్లాడేవాడు ప్రేమించేవాడు కాదన్నాను. గుమ్మం దగ్గర అందరికన్నా ముందు రత్నంబాబే వచ్చి నా చేయి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"పొగడ్తల మీద ఇంత గొప్ప ప్రసంగం నా జీవితంలో వినలేదండి అయ్యగారూ. మీకు సాటి లేరండి" అన్నాడు.

ఏం చెయ్యమంటారు? థాంక్స్ చెప్పాను.

కాలవ గట్టు మీద

ఆ ప్రసంగం జరిగిన కొద్ది వారాలకే పక్క ఊళ్ళో ఒక ఇంటి కృతజ్ఞత కూటానికి మాస్టారు కారులో బయల్దేరారు. పక్క సీట్లో రత్నంబాబు. పొద్దు వాలుతోంది. గట్టు రోడ్డుకు ఎడమవైపు కాలవ, కుడివైపు చేలు, ఊళ్ళోంచి వచ్చే సందులు. అలాంటి ఒక సందులోంచి ఆటో వచ్చి రోడ్డెక్కింది. మాస్టారు చూడలేదు. కారు ఆటోని గుద్ది కాలవలోకి నెట్టేసింది.

ఆటో నడుపుతున్నది శ్రీను. బడిపిల్లల్ని ఇళ్ళ దగ్గర దింపి ఖాళీగా వస్తున్నాడు. ఖాళీగా రావడం దేవుడి దయ అని అందరూ అన్నారు, నేనూ అన్నాను. శ్రీను కాలు ఆటోకింద నలిగిపోయింది. చేలో వాళ్ళు దూకి పైకి తీశారు. మాస్టారికి నుదుటి మీద చిన్న గాయం. రత్నంబాబుకు ఏమీ కాలేదు.

శ్రీను ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. మాస్టారు షాక్‌లో ఉన్నారు. పోలీసులు వచ్చేసరికి అక్కడ పనిచేస్తున్న నాలుక ఒక్కటే. ఆ నాలుక, "ఆటోవాడు తాగున్నాడండి. గుప్పుమని వాసనండి. స్పీడుగా వచ్చి మా సార్ కారుకి అడ్డం పడ్డాడు" అని చెప్పింది. కేసు శ్రీను మీద కట్టారు.

రెండు రోజుల తర్వాత శ్రీను భార్య లక్ష్మి మా ఇంటి మెట్ల దగ్గరకొచ్చి నిలబడింది. వాళ్ళు మా సంఘం వాళ్ళు కాదు. పైకి రమ్మన్నా రాలేదు.

"మా ఆయన సుక్క ముట్టుకోడండి. పిల్లల బండండి అది. తాగితే ఆళ్ళ అమ్మానాన్నలు ఎక్కించుకోనిత్తారాండి? ఇప్పుడు కాలూ పోయి, తాగుబోతన్న పేరూ వచ్చింది. రేపు కాలొచ్చినా పిల్లల్ని ఎవరు పంపుతారండి?" అంది.

పొగడ్త ఒకడి కాలు విరిచింది. దాన్ని కప్పిపుచ్చడానికి వచ్చిన అబద్ధం వాడి పేరు విరిచింది. కాలుకైతే కట్టు కట్టే డాక్టర్లున్నారు.

నేను నేరుగా రత్నంబాబు దగ్గరకు వెళ్ళాను. వాసన సంగతి అడిగాను. వాసనేమీ లేదని తల దించుకుని ఒప్పుకున్నాడు. తరవాత ఎవరూ అడక్కుండానే ఇంకో మాట చెప్పాడు.

"ఆటో రావడం నేను చూశానండి అయ్యగారూ."

"చూస్తే అరవలేదేంటయ్యా?"

"సార్ డ్రైవింగు చేస్తుంటే పక్కనుంచి చెప్తే ఆయనకి నచ్చదండి. చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించానండి. అంతలోనే..."

నేను ఈ ఉద్యోగంలో దయ్యాలు పట్టాయన్నవాళ్ళను చూశాను, కత్తులతో చర్చికొచ్చినవాళ్ళను చూశాను. ఆ ఒక్క క్షణం అంత భయంకరమైనది ఇంకోటి చూడలేదు.

"స్టేషనుకెళ్ళి నిజం చెప్పు" అన్నాను. "సార్ పరువు పోద్దండి" అన్నాడు. చివరికి అతని బెంగ కూడా సార్ గురించే.

పైనుంచి ఫోను

మా పై అధికారి గురించి ఒక పేరా రాయాలి. ఆయన పేరు రాయను. ఆయన మెత్తదనం గురించి మాత్రం చెప్తాను. ఫోను చేసి, "దేవదానం గారు మనకు స్తంభం లాంటివారు పాస్టరు గారూ" అన్నారు. మా ఊళ్ళో స్తంభాల గతేమిటో ఆయనకు తెలియదు పాపం. "మనం గొడవలు సర్ది సమాధానపరిచేవాళ్ళం కదా. నిజం కూడా ప్రేమతో చెప్పాలి" అన్నారు. ఆయన నిఘంటువులో ప్రేమతో చెప్పడమంటే చెప్పకపోవడం.

"కాలు విరిగినవాడికి కూడా ప్రేమతోనే చెప్పమంటారాండి, నువ్వు తాగావని?" అని అడిగాను.

"మీకు ఆ ఊరి గాలి పడినట్టు లేదండి" అన్నారు. అంటే ట్రాన్స్‌ఫరని మీలాంటి కొత్తవాళ్ళకు అర్థం కాకపోవచ్చు, అందుకని చెప్తున్నాను.

సాక్ష్యం

మాస్టారు ప్రాణాలతో బయటపడ్డందుకు సంఘం స్తుతి కూడిక పెట్టింది. ఆ ఉదయం నేను లక్ష్మికి కబురు పంపాను. మాస్టారితో నేరుగా మాట్లాడాలంటే వచ్చి మాట్లాడమ్మా, నేనుంటాను అన్నాను. అంతకుమించి నేనేమీ ఏర్పాటు చెయ్యలేదు.

మాస్టారిని ముందు వరసలో కుర్చీలో కూర్చోబెట్టారు. మెడలో దండ వేశారు. రత్నంబాబు సాక్ష్యం చెప్పడానికి మైకు అందుకున్నాడు. కోర్టులో చెప్పినా చర్చిలో చెప్పినా మనకు ఒకటే మాట, సాక్ష్యం. తాగుబోతు ఆటో ఎలా దూసుకొచ్చిందో, దేవుని హస్తం సార్ చేతుల మీదుగా స్టీరింగు ఎలా తిప్పిందో చెప్తున్నాడు. దేవుని హస్తం తిప్పితే ఆటో కాలవలో ఎందుకు పడిందని అడిగేవాళ్ళు లేరు. ఆమెన్ అంటున్నారు. మాస్టారు కూడా తల ఊపుతున్నారు. తన కథ తనే కొత్తగా వింటూ నమ్ముతున్నట్టున్నారు.

అప్పుడు లక్ష్మి వచ్చింది. చెప్పులు బయట విడిచి, మధ్య దారిన నడిచి, మాస్టారి కుర్చీకి కుడిపక్కన వచ్చి ఆగింది. రెండు చేతులూ జోడించి నిలబడింది. ఆయన తనవైపు తిరుగుతారని చూస్తోంది.

ఆయన తిరగలేదు.

రత్నంబాబు మాట మధ్యలో ఆగిపోయింది. ఆమెన్‌లూ ఆగిపోయాయి. చెయ్యి చాపితే అందేంత దూరంలో మనిషి దణ్ణం పెట్టి నిలబడి ఉంటే, మాస్టారు ఎదురుగా ఉన్న శిలువ వైపు చిరునవ్వుతో చూస్తూ కూర్చున్నారు. వెనక ఎవరో ఆడమనిషి, "అంత పొగరా" అంది.

ఆడవాళ్ళ వైపు నుంచి గ్రేసమ్మ గారు లేచారు.

"పొగరు కాదమ్మా" అన్నారు. "ఆయనకి కనపడలేదు. ఆవేళ ఆటో కూడా ఇలాగే కనపడలేదు. మీ అందరికీ తెలుసు. గేటు కొట్టినప్పుడు కూడా తెలుసు."

మాస్టారు గొంతు వచ్చిన వైపు తల తిప్పారు. తిప్పితే లక్ష్మి కనపడింది. ఉలిక్కిపడ్డారు.

"ఎంతసేపైందమ్మా వచ్చి?"

"ఇందాకట్నుంచీ ఇక్కడే ఉన్నానండి" అంది లక్ష్మి.

ఆ ఒక్క మాటతో ఆయన కుంగిపోయారు. దండ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. తరవాత లేచి, భార్య చెయ్యి పట్టుకుని, నడుచుకుంటూ పోలీస్ స్టేషనుకు వెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. ఎస్సై కుర్చీ చూపించినా కూర్చోలేదు. "ఆ అబ్బాయి తప్పేమీ లేదండి. నాకు కుడిపక్క కనపడదు. డాక్టరు వద్దన్నా నడిపాను. కేసు నా మీద రాయండి" అన్నారు. ఆయనలో హెడ్మాస్టరు గొంతు నేను అప్పుడే విన్నాను.

ఆ తరవాత

రత్నంబాబును పిలిపించి ఎస్సై పెట్టిన చీవాట్లు రాయడానికి ఇది తగిన చోటు కాదు. అతను మాట మార్చుకున్నాడు, ఆటో రావడం ముందే చూశానని మాస్టారి ముందే ఒప్పుకున్నాడు. బయటికొచ్చాక మాస్టారి దగ్గరకెళ్ళి, "తప్పు ఒప్పుకోవడంలో కూడా మీకు సాటి లేరండి సార్" అన్నాడు. మాస్టారు అతని ముఖంకేసి చూసి, "నువ్వు నాకు ఆటో వస్తోందని చెప్పలేదురా" అని మాత్రం అన్నారు. రత్నంబాబు ఏడ్చాడు. అతను అందరి ముందూ ఏడవడం నాకు తెలిసి అదొక్కసారే. కర్చీఫు లేక చొక్కా చేతితోనే తుడుచుకున్నాడు.

శ్రీను మీద కేసు పోయింది. మాస్టారి మీద నడిచింది. శ్రీను వైద్యం మాస్టారే చూసుకున్నారు. కాలు నిలబడింది గాని, పూర్తిగా రాలేదు. ఆటో నడపలేక బడి ఎదురుగా జిరాక్స్ షాపు పెట్టుకున్నాడు. రాజమండ్రి డాక్టరు మాస్టారి కళ్ళు చూసి, పోయిన చూపును తేలేనని, మందు ఆపకుండా ఉండి ఉంటే ఇంత పోయేది కాదని చెప్పాడు. గద్ద చూపన్నవాళ్ళెవరూ ఆ రోజు ఆస్పత్రికి రాలేదు. కొన్నాళ్ళకు మాస్టారికి ఎదురుగా ఉన్నదీ కనపడడం మానేసింది.

నాకు ఉప్పాడ వైపు ట్రాన్స్‌ఫరైంది. అక్కడ సముద్రం ఏడాదికింత ఒడ్డు తింటూ ఉంటుంది. నాలాంటివాడికి తగిన చోటని పైవాళ్ళు అనుకుని ఉంటారు. వీడ్కోలు సభలో నన్ను కూడా స్తంభమన్నారు. నేను వెంటనే సామాను సర్దుకున్నాను.

ఇక్కడ మీకు ఒక్క మాట చెప్పాలి. మిమ్మల్ని ఎవరైనా పొగిడితే కోప్పడకండి, దణ్ణం పెట్టి ఊరుకోండి. కానీ మీ ముందు ఇంకొకణ్ణి పొగిడి గోతిలో దింపుతుంటే, మర్యాద కోసం నోరు మూసుకోకండి. మర్యాదస్తుల సంఘాలు నేను చాలా చూశాను. అక్కడ గేట్లు వెడల్పుగా ఉంటాయి.

భూస్థాపన

నేను రిటైరై రాజమండ్రిలో ఉండగా గ్రేసమ్మ గారు ఫోను చేశారు. మాస్టారు పోయారు. భూస్థాపన నేనే చెయ్యాలన్నారు.

"ఒక్కటండి అయ్యగారూ. అబద్ధాలొద్దండి. ఆయనకి ఇష్టం ఉండదు. చివర్లో ఎవరైనా పొగిడితే లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయేవారు, గోడ తడుముకుంటూ."

చనిపోయినవాళ్ళందరూ పరిశుద్ధులైపోయే ప్రసంగాలు నేను కూడా చాలా చేశాను. అది మాత్రం చెయ్యలేదు. ఆయన మంచి మాస్టారని చెప్పాను. పొగడ్తంటే పడిచచ్చేవారని చెప్పాను. ఒక మనిషి కాలు ఆయన వల్ల దెబ్బతిందని, ఆ సంగతి తానే వెళ్ళి ఒప్పుకున్నారని చెప్పాను. మా పైవాళ్ళలో ఒకరు దగ్గారు. గ్రేసమ్మ గారు తల పైకెత్తుకునే కూర్చున్నారు.

సమాధి దగ్గర అందరూ గుప్పెడు మట్టి వేసి వెళ్ళిపోయాక, లక్ష్మి భుజం పట్టుకుని శ్రీను కుంటుకుంటూ వచ్చాడు. వంగడం అతనికి కష్టం. లక్ష్మి మట్టి తీసి చేతిలో పెడితే అందుకున్నాడు. నావైపు తిరిగాడు.

"కాలు ఇప్పటికీ నొప్పెడతదండి అయ్యగారూ. మబ్బు పడితే నిద్రుండదు. ఆ నొప్పి లేదని చెప్పలేనండి. కానీ ఆవేళ టేసనుకి ఎవరూ పిలవకుండా ఆయనే ఎల్లేరండి."

ఆ మాట అని, మట్టి వేశాడు.